కూర్చున్నాయన దేవుడు కాదు

“మీవాళ్ళు ప్రతిసారీ కూర్చున్నాయనకే బొట్టు పెడతారు. వంగినాయనకి ఎందుకు పెట్టరు?”

హాలు తాళాలు అడగడానికి వెళ్తే ఆవిడ నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. ఈ దేశంలో కొత్త మనిషితో వాతావరణం గురించి మాట్లాడతారు, లేకపోతే ఫుట్‌బాల్ గురించి. ఈవిడ నేరుగా బొట్టు దగ్గరికి వచ్చేసింది.

అక్క పెళ్ళికి హాలు చూడ్డానికి వెళ్ళాను. మెల్బోర్న్‌లో మేముండే క్రెయిగీబర్న్‌కి కొంచెం అవతల, ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ కొన్ని కుటుంబాలు కట్టుకున్న చిన్న చర్చి అది. ఆదివారం వచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. వెనకాల ఉన్న హాలుకి మాత్రం ఖాళీ దొరకదు. మావాళ్ళ బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, పంజాబీవాళ్ళ పుట్టినరోజులు. ఆ చర్చి హాల్లో జరిగినన్ని సత్యనారాయణ వ్రతాలు తెనాలిలో మా ఇంట్లో కూడా జరిగి ఉండవు.

తాళాలు ఆవిడ దగ్గరుంటాయి. జర్మనీలో పుట్టి, చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఓడలో వచ్చిందట. ఎనభై దాటి ఉంటాయి. ఇక్కడ ఎనభై ఏళ్ళవాళ్ళని కూడా పేరు పెట్టి పిలవాలి. నాకు నోరు రాదు. ఆంటీ అంటే ఆవిడకి అంతుపట్టదు. అందుకని ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆవిడ నన్ను చూసేదాకా ఆగి, అప్పుడు మాట్లాడే పద్ధతి ఒకటి కనిపెట్టాను.

ఇంతకీ బొట్టు సంగతి. హాలు పక్క తలుపుకెదురుగా కాస్త రాళ్ళు పరిచిన చోటుంది. అక్కడ యూకలిప్టస్ చెట్టు కింద కంచు శిల్పం. నిజం మనుషులంత. ఒకాయన ఎత్తు పీట మీద కూర్చున్నాడు. ఇంకొకాయన ఆయన ముందు మోకాళ్ళ మీద వంగి, పళ్ళెంలో ఆయన కాలు పెట్టుకుని కడుగుతున్నాడు. కూర్చున్నాయన నుదుటి మీద ఎవరి ఫంక్షన్ తాలూకు కుంకుమో ఇంకా ఉంది. మావాళ్ళు తాకి తాకి కళ్ళకద్దుకోవడం వల్ల ఆయన కాలి బొటనవేలు మెరుస్తోంది. ఒళ్ళంతా నల్లగా, అక్కడక్కడా పచ్చగా ఉంటే ఆ వేలొక్కటీ కొత్త చెంబులా ఉంది.

“కడిగించుకునేవాడే కదా పెద్దవాడు,” అన్నాను, నా ఇంగ్లీషులో.

“ఎందుకని?”

“మా పెళ్ళిళ్ళలో అంతే. పెళ్ళికూతురి తండ్రి పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతాడు. ఆ పూటకి అల్లుడు విష్ణుమూర్తి.”

“తర్వాత?”

“తర్వాత మామూలే.”

ఆవిడ నవ్వలేదు. స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరయిందట. జవాబు తప్పయినప్పుడు నవ్వకూడదన్న అలవాటు పోలేదు. “మళ్ళీ చూడు. ఎవరు ఎవరో చూసి చెప్పు. ఫోన్‌లో వెతక్కు,” అని తాళాలిచ్చింది.

నేను ఫోన్‌లో వెతకలేదు. మాస్టర్స్‌లో రెండేళ్ళు యూనివర్సిటీకి వెళ్ళినా నాకింత ఆసక్తి పుట్టించిన పరీక్ష ఎవరూ పెట్టలేదు. ఆ మాస్టర్స్ చేసి నేను వెలగబెడుతున్నది అక్కడికి దగ్గర్లోనే ఉన్న వేర్‌హౌస్‌లో లారీలకి టైంటేబుల్ వేయడం. నాన్న దాన్ని బంధువులకి “లాజిస్టిక్స్” అని చెబుతాడు. అలా చెప్పినప్పుడు నాక్కూడా నా మీద గౌరవం కలుగుతుంది.

లంచ్ టైమ్‌లో డబ్బా పట్టుకుని ఆ చెట్టు కిందికి వెళ్ళడం మొదలుపెట్టాను. వేర్‌హౌస్ కాంటీన్‌లో నా పులిహోర మైక్రోవేవ్ చేస్తే అందరూ తలలెత్తి చూస్తారు. ఇక్కడ ఇద్దరే, ఇద్దరూ కంచువాళ్ళు.

మొదట నా కంట పడింది వంగినాయన వీపు. యూరియా బస్తాలా ఉంది. బట్ట మడతలు, నరాలు, ఎముకలు ఏవీ చెక్కలేదు. నాకు తెలిసిన విగ్రహాల్లో నగలకే బోలెడంత పని ఉంటుంది. ఈ జర్మన్ శిల్పి అన్నీ తీసి పారేసి ఆ బరువు ఒక్కటే ఉంచాడు. దగ్గరికెళ్తే వీపంతా వేలిముద్రలు. ముందు మైనంతో బొమ్మ చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించేసి, ఆ ఖాళీలో కంచు పోస్తారని ఆవిడ చెప్పింది. అంటే శిల్పి మైనాన్ని బొటనవేలితో నొక్కిన చోటల్లా ఆ నొక్కు అలాగే లోహమైపోయింది. ఒక నొక్కులో నా బొటనవేలు పెట్టి చూశాను. అతనిది నాదానికంటే చాలా పెద్దది. అతని గురించి నాకు తెలిసిన వ్యక్తిగత సమాచారం అంతే.

తర్వాత కూర్చున్నాయన చేతులు. ఒక చెయ్యి, వద్దు వద్దు అన్నట్టు ముందుకి చాచి ఉంది. రెండో చెయ్యి తన తల మీద తనే పెట్టుకున్నాడు. ఒక కాలు పళ్ళెంలో ఉంది. ఇంకో కాలు పీట వెనక్కి లాక్కుని దాచుకున్నాడు.

“తలనొప్పి,” అన్నాను ఆవిడతో.

“కాదు.”

“పెళ్ళి ఇష్టం లేదు.”

“అసలు పెళ్ళే కాదు,” అంది. అదొక క్లూ.

మూడోది, వంగినాయన మొహం. ఎటునుంచి చూసినా కనపడదు. తల పూర్తిగా పళ్ళెంలోకి వంచేశాడు. నేల మీద పడుకుని చూద్దామన్నా పళ్ళెం అంచు అడ్డం. మొహం చెయ్యడం రాక ఇలా వంచేశాడేమో, నేను చిన్నప్పుడు డ్రాయింగ్‌లో చేతులు రాక అందరికీ జేబుల్లో పెట్టినట్టు, అనుకున్నాను. ఒకరోజు పొద్దున బాగా వాన పడి వెలిసింది. మధ్యాహ్నం వెళ్తే కంచు పళ్ళెం నిండా నీళ్ళు. ఒక పక్షి అంచు మీద వాలి తాగుతోంది. అది లేచిపోయాక వంగి చూస్తే నీళ్ళలో మొహం ఉంది.

ఆ మొహంలో మహిమలాంటిదేమీ లేదు. కళ్ళు సగం మూసి, పెదాలు కొంచెం ముడిచి, వేళ్ళ సందుల్లో మురికి పోయిందా లేదా అని చూసుకునే మనిషి మొహం. పని మీద ధ్యాస, అంతే. నాకెందుకో నవ్వొచ్చింది, కానీ ఎగతాళిగా కాదు.

వెళ్ళి ఆవిడకి చెప్పాను. “ఎక్కడ?” అంది. కర్ర పొడుచుకుంటూ వచ్చి, వంగి, చాలాసేపు చూసింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. ఇంకేం, హాలు క్యాన్సిల్ అనుకున్నాను.

ఈ లోపల ఇంట్లో అసలు కథ ముదిరింది.

నాన్న, అమ్మ విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. నాన్నకి ఎరువుల కొట్టుంది. పొద్దుణ్ణుంచి రైతులతో, కంపెనీవాళ్ళతో అరిచి అరిచి బతికిన మనిషి. ఇక్కడ పెళ్ళి మొత్తం అక్క లాప్‌టాప్‌లో ఉంది. హాలు, వంట, పూలు, పంతులుగారు, ఫొటోలు, అన్నీ అక్క బుక్ చేసేసింది. “నేనేం చెయ్యాలమ్మా?” అని నాన్న రోజూ అడుగుతాడు. “మీరు రెస్ట్ తీసుకోండి నాన్నా,” అని అక్క రోజూ చెబుతుంది. రెస్ట్ తీసుకోవడం నాన్నకి రాదు. రీసైక్లింగ్ చెత్త డబ్బా వీధిలో పెట్టడం, మళ్ళీ లోపలికి తేవడం, ఈ ఒక్క శాఖ నాన్న చేతిలో ఉండేది. దాన్ని మంత్రిలా నడిపేవాడు.

ఇంకొకటి కూడా నాన్న చేతిలో ఉందనుకున్నాడు. ఇండియా నుంచి ఒక కంచు పళ్ళెం తువ్వాళ్ళలో చుట్టి తెచ్చుకున్నాడు. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, పెళ్ళిలో మా నాన్న కాళ్ళు కడిగిన పళ్ళెం అది. ఎయిర్‌పోర్ట్‌లో పచ్చళ్ళ గురించి అడుగుతుంటే ఈయన పళ్ళెం తీసి చూపించాడు. ఆ ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా ఇచ్చేశాడట.

“కాళ్ళు కడగడం తీసేశాను నాన్నా,” అంది అక్క ఒకరోజు, టీ తాగుతూ.

“తీసేయడానికి అదేమన్నా టిఫిన్లలో ఐటమా?” అన్నాడు నాన్న.

“నా పెళ్ళిలో మీరు ఎవరి కాళ్ళూ కడగరు.”

కారణం నాకు తెలుసు. అక్క స్కూల్లో ఉన్నప్పుడు మా పెదనాన్న వాళ్ళమ్మాయి పెళ్ళయింది. పెదనాన్నకి నడుం పట్టేసి ఉంది. వంగి కడుగుతుంటే, ఆ పెళ్ళికొడుకు పక్కనున్న స్నేహితులతో కబుర్లు చెబుతూ, చెప్పుల కొట్లో కాలు చాపినట్టు చాపాడు. రెండో కాలు ఇవ్వమని పెదనాన్నే అడగాల్సి వచ్చింది. నేనప్పుడు లడ్డూల గదిలో ఉన్నాను. అక్క మాత్రం చూసింది. ఏడవలేదు, ఎవరితోనూ అనలేదు. నిర్ణయం తీసుకుంది. మా ఇంట్లో ఏడ్చేవాళ్ళతో వేగచ్చు, నిర్ణయాలు తీసుకునేవాళ్ళతో కష్టం.

“కడగకపోతే కన్యాదానం లేదు,” అన్నాడు నాన్న. “కన్యాదానం లేకపోతే పీటల మీద నాకు పని లేదు. వచ్చినవాళ్ళతోపాటు కుర్చీలో కూర్చుని అక్షింతలు వేసి వస్తాను.”

“సరే, కుర్చీలోనే కూర్చోండి,” అని అక్క వెళ్ళి సరుకులు పెట్టుకునే ప్యాంట్రీలో దూరి తలుపేసుకుంది. అందులో ఇద్దరు పట్టరు కాబట్టి ఓదార్చడానికి ఎవరం వెళ్ళలేదు. నాన్న వెళ్ళి డబ్బా వీధిలో పెట్టాడు. అది డబ్బా తీసుకెళ్ళే రోజు కాదు.

ఇదీ పరిస్థితి. పెళ్ళి దగ్గరికొచ్చింది. తండ్రి పీటల మీద ఉంటాడా లేదా అన్నది తేలలేదు. పెళ్ళికొడుకు, అంటే కాబోయే మా బావ, కరీంనగర్ నుంచి స్టూడెంట్‌గా వచ్చి ఎలక్ట్రీషియన్ అయిన మనిషి, రోజంతా ఇళ్ళ కప్పులెక్కి సోలార్ పలకలు బిగిస్తుంటాడు. ముందు ఇనుము తొడిగిన బూట్లలో పొద్దుణ్ణుంచి ఉడికిన ఆ కాళ్ళు కడగడం నిజంగానే త్యాగం. కానీ ఆయన కాళ్ళ గురించి ఇంత గొడవ జరుగుతుంటే ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. నాక్కూడా.

స్టేజీ చూసుకుందామని ఒక శనివారం అందరం హాలుకి వెళ్ళాం. అక్కా నాన్నా ఒకే కార్లో వచ్చారు గానీ నావిగేషన్ తప్ప ఎవరూ మాట్లాడలేదు. దిగగానే నాన్న శిల్పాన్ని చూశాడు. చెప్పులు విప్పాడు. నేరుగా కూర్చున్నాయన దగ్గరికెళ్ళి, మెరిసే బొటనవేలు తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత వేలి కణుపుతో విగ్రహం మోకాలి మీద టక్కున కొట్టి చెవి పెట్టి విన్నాడు.

“మంచి కంచు. మన పళ్ళెం లాంటిదే. లోపల డొల్ల,” అన్నాడు. అప్పుడు గెలిచిన మనిషిలా అక్క వైపు తిరిగాడు. “చూశావుటమ్మా, వీళ్ళ చర్చిలో కూడా మామగారు కడుగుతున్నాడు. వీళ్ళకి లేని నామోషీ నీకెందుకు?”

“చింతపండు పెట్టి తోమితే మొత్తం మెరుస్తుంది. ఇంత మంచి విగ్రహాన్ని ఇలా వదిలేశారేంటి,” అంది అమ్మ, తన ధోరణిలో.

అప్పుడే ఆవిడ కర్రతో వచ్చింది. చింతపండు సంగతి నేను అనువదించలేదు. అక్క నేరుగా అడిగేసింది, “వీళ్ళు ఎవరు?” అని. ఆవిడ నా వైపు చూసింది. తల మీద చెయ్యెందుకో ఇంకా తేలలేదన్నాను. టీచరు కదా, క్లాసు మొత్తానికి చెప్పింది. నేను నాన్నకి, అమ్మకి తెలుగులో చెబుతూ పోయాను.

యేసు చనిపోయే ముందు శిష్యులతో కలిసి చేసిన ఆఖరి భోజనం అది. ఆ రోజుల్లో దుమ్ములో నడిచొచ్చినవాళ్ళ కాళ్ళు కడగడం ఇంట్లో అందరికంటే చిన్న నౌకరు పని. భోజనాల దగ్గర గురువే లేచి, తువ్వాలు నడుముకి కట్టుకుని, ఒక్కొక్కరి కాళ్ళూ కడగడం మొదలుపెట్టాడు. ఈ శిష్యుడి దగ్గరికి వచ్చేసరికి ఇతను కాలు లాక్కున్నాడు. మీరు నా కాళ్ళు కడగడమేమిటి, ప్రాణం పోయినా కుదరదన్నాడు. కడగనివ్వకపోతే నాతో నీకు భాగం లేదన్నాడు గురువు. దాంతో ఇతను హడలిపోయి, అయితే కాళ్ళే ఎందుకు, చేతులు కూడా కడుగు, తల కూడా కడుగు అన్నాడట.

అప్పుడు అర్థమైంది నాకు ఆ చేతుల సంగతి. వద్దన్న చెయ్యి ముందు క్షణానిది. తల మీది చెయ్యి తర్వాతి క్షణానిది. మనిషి మాట మార్చేలోపల ఉన్న ఆ కాస్త వ్యవధిని శిల్పి ఒకే ఒంట్లో పోసేశాడు. నా తలనొప్పి సిద్ధాంతం పోయింది.

“అయితే గురువు ఎవరు?” అన్నాడు నాన్న.

“వంగినాయన. వీళ్ళకి ఆయనే దేవుడు.”

నాన్న ఆ యూరియా బస్తా వీపు వైపు చూశాడు. తర్వాత కూర్చున్నాయన కుంకుమ వైపు. “మరి నేను దండం పెట్టింది?”

“శిష్యుడికి.”

“పర్లేదులే. ఆయనా పెద్దవాడే,” అన్నాడు. కానీ ఆలోచనలో పడ్డాడని తెలుస్తోంది. “మన దాంట్లో కడిగించుకునేవాడు దేవుడు. వీళ్ళ దాంట్లో కడిగేవాడా?” అని తనలో తనే అనుకున్నాడు.

ఆవిడ నా వైపు తిరిగి ఇంకో మాట చెప్పింది. ఈ శిల్పం జర్మనీ నుంచి పెట్టెలో వచ్చిన రోజున చర్చివాళ్ళందరూ గొడవపడ్డారట. దేవుడి మొహం కనపడని విగ్రహం మాకెందుకని. కొంతమంది రావడమే మానేశారు. ఆవిడ భర్త కూడా కడదాకా సణిగాడట. “దోమలు పెరుగుతాయని వాన పడ్డప్పుడల్లా ఆ పళ్ళెంలో నీళ్ళు స్పాంజితో తీసేసింది నేనే,” అంది. ఆ నీళ్ళలోనే మొహం ఉందని నేను చూపించేదాకా ఆవిడకీ తెలియదు.

అక్క అప్పటికే తన వాదనకి కావలసింది పట్టేసింది. “చూశారా, ఆయన కూడా వద్దనే అన్నాడు.”

“వద్దన్నాడు, మళ్ళీ తల కూడా కడగమన్నాడు,” అన్నాడు నాన్న.

అక్క ఏదో అనబోయి, పీట వెనక్కి దాచుకున్న ఆ రెండో కాలి దగ్గర ఆగిపోయింది. కూర్చుని దగ్గరగా చూసింది. “మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళు అచ్చం ఇలాగే పెడతారు,” అంది.

“ఎవరు?” అన్నాడు నాన్న.

“మా ఏజ్డ్ కేర్‌లో. పెద్దవాళ్ళు. కాళ్ళు కడగడానికి వెళ్తే ఇలాగే వెనక్కి లాక్కుంటారు.”

“కాళ్ళు నువ్వు కడుగుతావా? నువ్వు నర్సువి కదా?”

“నర్సునే. షుగర్ ఉన్నవాళ్ళకి కాళ్ళు చూడాలి నాన్నా, పుండ్లు పడతాయి. ఎంతోమందికి కడుగుతాను.”

నాన్న మొహంలో రంగు మారింది. తెనాలిలో అక్క గురించి ఆయన చెప్పే కథల్లో ఇంజెక్షన్లు, మెషీన్లు ఉంటాయి. “నీకు చిన్నతనంగా ఉండదా అమ్మా?”

“నాకెందుకుంటుంది? వాళ్ళకే సిగ్గు. మొదట్లో కాళ్ళు దుప్పట్లోంచి బయటికి తియ్యరు. సారీ సారీ అంటారు. కడిగేవాళ్ళకి ఏమీ ఉండదు నాన్నా, కడిగించుకోవడమే...”

అని ఆగిపోయింది. మా అక్క కాలేజీలో డిబేట్లకి కప్పులు తెచ్చుకున్న మనిషి. అవతలివాళ్ళ పాయింట్ తనే చెప్పేసిందని మా అందరికంటే ముందు తనకే తెలిసింది.

“అది వేరు,” అంది.

నాన్న దాన్ని పట్టుకుంటాడనుకున్నాను. కొట్లో అయితే వదిలేవాడు కాదు. కానీ వేరే మాట అన్నాడు. “ఈ పని సంగతి నాకెప్పుడూ చెప్పలేదే.”

“మీరు అడగలేదు.”

నాన్న చెప్పులేసుకున్నాడు. “ఆ గురువు కడుగుతానన్నాడు, ఈయన వద్దన్నాడు, తర్వాత సరే అన్నాడు. వాళ్ళలో వాళ్ళు తేల్చుకున్నారు. మన దాంట్లో కూర్చునేవాణ్ణి ఎవరన్నా అడిగామా? ఒరే, బావకి ఫోన్ చెయ్యి.”

బావ పక్క సబర్బ్‌లోనే ఎవరి కప్పు మీదో ఉన్నాడు. ఏం కొంప మునిగిందోనని దిగి, తన యూట్‌లో, అంటే వెనక తెరిచి ఉండే చిన్న ట్రక్కులో, నిచ్చెనతో సహా వచ్చేశాడు. నాన్న ఆయన్ని శిల్పం ముందు నిలబెట్టాడు. “బాబూ, నీ కాళ్ళు కడగాలని నాకుంది. వద్దని అమ్మాయికుంది. నీకేముంది?”

బావ బూట్ల వైపు చూసుకున్నాడు. “నిజం చెప్పాల్నా అంకుల్?”

“మరి అబద్ధం కోసం పిలిపించానా?”

“నాకు షరం. ముందునుంచి షరమే. మీరు వంగుతుంటే నేను మంచిగ కూసోవాలె అంటే ఎట్లనో ఉంటది.”

“మరి చెప్పలేదేం?” అంది అక్క.

“మా అమ్మ కడగాలె అంటది. నువ్వు వద్దంటవ్. నడిమిట్ల నన్నెవలడిగిన్రు?”

“అయితే మానేద్దామా?” అన్నాడు నాన్న. ఆ ప్రశ్న అడగడం ఆయనకి ఎంత కష్టమైందో నేను చూశాను. కొట్లో ఆఖరి రేటు చెప్పాక కూడా ఆయన గొంతు అలా తగ్గదు.

బావ కాసేపు ఆ దాచుకున్న కాలు వైపు చూశాడు. ఈ కథంతా ఆయనకి ఎవరూ చెప్పలేదు. “షరమైనా కూసుంటా అంకుల్. మీరు కడుగుతా అంటే. కానీ ఆమె సరే అంటేనే.”

అందరం అక్క వైపు చూశాం. ఆలోచిస్తానంది. ఆవిడకి మా భాష ఒక్క ముక్క రాదు గానీ, క్లాసు బాగా జరిగినట్టు తల ఊపి, హాలు తలుపు తీసింది. అమ్మ మాత్రం బావ బూట్లు చూసి, “కడగడమంటూ జరిగితే ముందొకసారి సబ్బుతో కడుక్కుని రమ్మనాలి,” అని నా చెవిలో చెప్పింది.

రెండు మూడు రోజులు ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం అక్క డ్యూటీ నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా, “నాన్నా, ఆ పళ్ళెం తీసుకురండి,” అంది. బ్యాక్‌యార్డ్‌లో ఒక పొట్టి స్టూల్, ఒక కుర్చీ వేసింది. “మీ మోకాళ్ళకి నేల మీద కూర్చుంటే లేవలేరు. స్టూల్ మీద కూర్చుని కడగాలి. మా దగ్గర అలాగే చేస్తాం. ఒరేయ్, నువ్వు కుర్చీలో కూర్చో.”

“నేనెందుకు?”

“కాళ్ళున్నాయి కదా.”

నాకు భలే సరదాగా అనిపించింది. విష్ణుమూర్తిని కాబట్టి వరాలేం కావాలో కోరుకోండని మొదలుపెట్టి, జోకులు వరసగా సిద్ధం చేసుకున్నాను. నాన్న స్టూల్ మీద కూర్చున్నాడు. అక్క పక్కన వంగి చెబుతోంది. “వేళ్ళు పట్టుకుని లాగకూడదు. మడమ కింద చెయ్యి పెట్టండి. బరువంతా మీ అరచేతిలోకి రావాలి. అప్పుడు వాళ్ళకి భయం పోతుంది.” నాన్న నా మడమ కింద చెయ్యి పెట్టాడు. యూరియా, పొటాష్ అమ్మి అమ్మి మొద్దుబారిన చెయ్యి. అమ్మ చెంబుతో నీళ్ళు పోసింది.

ఒక్క జోకూ రాలేదు. నాన్న నడినెత్తిన జుట్టు పలచబడిందని నాకప్పటిదాకా తెలియదు. ఎప్పుడూ ఆయన్ని కింది నుంచో ఎదురుగానో చూడ్డమే గానీ పైనుంచి చూసే అవకాశం రాలేదు. నాకు తెలియకుండానే రెండో కాలు కుర్చీ కిందికి పోయింది.

“చూడండి, లాక్కున్నాడు,” అంది అక్క, నర్సు గొంతుతో. “ఇలా లాక్కుంటే బలవంతం చెయ్యకూడదు. ఆగాలి.”

నాన్న ఆగాడు. ఆ కాలు ఇవ్వడానికి నాకు చాలాసేపు పట్టింది. పెళ్ళి కూడా కాని నాకే ఇలా ఉంటే, నిజం పెళ్ళికొడుకు సంగతి ఏంటోనని బావ మీద మొదటిసారి జాలేసింది. తుడుచుకుని లేచి, “నీళ్ళు చల్లగా ఉన్నాయి,” అన్నాను, పరువు కోసం.

పెళ్ళి రోజు పొద్దున్నే వాన. మెల్బోర్న్‌లో పెళ్ళికి ముందు వాన పడితే శుభసూచకమో కాదో చెప్పలేం, అది రోజూ పడుతుంది. హాలు నిండిపోయింది. నాన్న పట్టుపంచెలో, పీటల మీద కాదు, పీటలకెదురుగా అక్క తెప్పించిన పొట్టి స్టూల్ మీద కూర్చున్నాడు. పంతులుగారు ఆ స్టూల్ వైపు చూసి ఏదో అనబోయి, అక్క మొహం గుర్తొచ్చి ఊరుకున్నారు.

అడ్డుతెర పట్టారు. ముహూర్తం దాకా పెళ్ళికూతురు పెళ్ళికొడుకుని చూడకూడదు కదా. తెరకి ఒక కొస నాకిచ్చారు. నేను నిలబడ్డ చోటు నుంచి అటు బావ, ఇటు అక్క, ఇద్దరూ కనబడతారు. పంతులుగారు మంత్రం మొదలుపెట్టారు. అమ్మ చెంబు ఎత్తింది.

“ఏం జరుగుతోందిరా?” అంది అక్క, తెర ఇవతల నుంచి, పెదాలు కదపకుండా.

“కడుగుతున్నాడు.”

“మడమ కింద చెయ్యి పెట్టారా?”

“పెట్టాడు.”

“ఆయన ఎటు చూస్తున్నాడు?”

బావ స్నేహితులు ఆ పక్కన ఫోన్లు పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ, నవ్వమని చెబుతున్నారు. బావ అటు తిరగలేదు. తల వంచి నాన్ననే చూస్తున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నాన్న మొదటి కాలు తుడిచి, ఊరికే చెయ్యి చాచి ఆగాడు. అడగలేదు. బావ రెండో కాలు తనే తీసి ఆ చేతిలో పెట్టాడు.

“నాన్ననే చూస్తున్నాడు,” అన్నాను.

“నాన్న?”

నాన్న పెదాలు కొంచెం ముడిచి, వేళ్ళ సందులు చూసుకుంటున్నాడు, వాన నీళ్ళలో నేను చూసిన ఆ మొహంతో. ఏదో ఒకటి చెప్పి నవ్విద్దామని చూశాను. అంతలో తెర అంచు నా చేతిలో కిందికి జారినట్టయింది. అక్క వేలితో దాన్ని వంచి, మెడ చాచి అవతలికి చూస్తోంది. బాసికం పక్కకి ఒరిగింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

“అమ్మాయ్, ముహూర్తం కాలేదు. అబ్బాయిని ఇప్పుడే చూడకూడదు,” అన్నారు పంతులుగారు, మంత్రం ఆపి.

“అబ్బాయిని కాదండీ, మా నాన్నని చూస్తున్నాను,” అంది అక్క. తెర వదల్లేదు.

అది తప్పో ఒప్పో పంతులుగారికి కూడా తెలిసినట్టు లేదు. గొంతు సవరించుకుని, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకున్నారు.